చర్మము చేరవేయు వార్తలు

చూచుటకు కన్నులును, వినుటకు చెవులును ఉన్నట్లు స్పర్శకొక ప్రత్యేక స్థానము లేదు. ఒడలంతయు దాని స్థానమే. అట్లని చర్మమునందలి ప్రతి చోటును అన్నిటిని గ్రహింపజాలదు. 1880 తరువాతి సంవత్సరములలో స్వీడను దేశీయుడగు మాగ్నస్ బ్లిక్స్ చర్మమును అంగుళమంగుళము పరీక్షించి, చలిని గ్రహించు చుక్కలు వేరు, వేడిమిని గ్రహించునవి వేరు అని కనుగొనెను. చలి చుక్కలే సంఖ్యలో మిక్కుటము.

ఈ చుక్కల అడుగున నున్నవి జ్ఞాననాడుల కొనలు. నొప్పిని, వేడిమిని, చలిని పట్టు కొనలు ఏ తొడుగును లేనివి. వ్రేళ్ల కొనలలోని మైస్నరు కణికలు తేలికపాటి తాకుడును, ఉల్లిగడ్డవలె పొరలు గల పసీనీ కణికలు అదురును పసిగట్టును. రెండు మొనలు వ్రేలి కొనపై రెండు మూడు మిల్లీమీటర్ల ఎడములో తాకినను రెండుగానే తోచును. వీపుపై మూడు సెంటీమీటర్ల ఎడమున్నను ఒకటిగానే తోచవచ్చును. వీపు దురదపెట్టినప్పుడు గోకువారికి చోటు చెప్పుట ఎంత కష్టమో శ్రోతలెరుగుదురు.

తాకుడు నాడిలో విద్యుత్ప్రేరణగా మారును. గట్టిగా నొక్కినచో ప్రేరణలు పెద్దవి కావు, వడివడిగా పుట్టును. ఆంగ్ల శాస్త్రజ్ఞుడగు ఏడ్రియన్ దీనిని 1926లో నిరూపించెను. ఒత్తిడి మారక నిలిచినచో పెక్కు గ్రాహకములు మిన్నకుండును. కళ్లజోడు నొసట నుంచుకొని ఇల్లంతయు వెదకుట ఇందువలననే.

మార్పు ఎట్లు జరుగునో చిరకాలము తెలియలేదు. 1997లో డేవిడ్ జూలియస్ బృందము, మిరపకాయలోని కారపు పదార్థమును ఆధారముగా గొని, నాడికొనలపై నొక సూక్ష్మద్వారమును కనుగొనెను. అది కారమునకును, సుమారు 43 డిగ్రీల సెంటీగ్రేడు మించిన వేడిమికిని తెరచుకొనును. కావున నోరు మండుచున్నదనుట అలంకారము కాదు. మెదడునకు చేరినది నిప్పు వార్తయే! ఒత్తిడికి తెరచుకొను ద్వారములను ఆర్డెం పటాపూటియన్ బృందము 2010లో పట్టుకొనెను. ఇరువురకును 2021లో నోబెలు బహుమానము లభించెను.

ఈ వార్తలు నిలిచిపోయినవారి స్థితి దుర్భరము. చిరకాల మధుమేహములోను, కుష్ఠువ్యాధిలోను నాడులు చెడి పాదములు మొద్దుబారును. ముల్లు దిగినను, వేసవి తారురోడ్డుపై అరికాలు బొబ్బలెక్కినను తెలియదు. నొప్పి లేని పుండును ఎవరు లెక్కచేయుదురు? అది లోలోపల ముదిరి, కాలు తీసివేయవలసి వచ్చినవారు పలువురు. వైద్యులు 10 గ్రాముల ఒత్తిడికి వంగు నైలాను పోగును అరికాలికి ఆనించి, కన్నులు మూసికొన్న రోగిని తెలియుచున్నదా యని అడుగుదురు. తెలియనివారు ప్రతి రాత్రియు అద్దము సాయముతో అరికాళ్లను చూచుకొనవలెను. స్నానపు నీటి వేడిమిని పాదముతో గాక మోచేతితో పరీక్షింపవలెను.