ఉల్లిపొరల చాటున

“తప్పు చేయనివాడికి దాపరికం ఎందుకు?” అని పెద్దలు అడుగుతుంటారు. హాస్టల్లో మిత్రులు కూడా ఇదే మాట అంటారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని ఆ మాట అన్న పెద్దమనిషే ఆసుపత్రి చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుంటాడు. కూతురి సంబంధం మాట్లాడేటప్పుడు తలుపు దగ్గరికి వేస్తాడు. అప్పు ఎంతుందో పక్క చేనువాడికి చెప్పడు. వీటిలో ఏది నేరం? దాపరికం వేరు, దొంగతనం వేరు. ఇంటర్నెట్టు దగ్గరికి వచ్చేసరికి ఈ తేడాను మనం మరచిపోతున్నాం. అందుచేత మన మాటను కాపాడే సాధనాలు ఎలా పనిచేస్తాయో, ఎక్కడ పనిచేయవో ఈ వ్యాసంలో నాకు తెలిసినంతలో వివరిస్తాను.

కార్డు, కవరు

ఫోనులో మనం ఒక పేజీ తెరిస్తే ఆ కోరిక నేరుగా అక్కడికి ఎగిరిపోదు. ముందు మనకు కనెక్షను ఇచ్చిన కంపెనీకి పోయి, అక్కడినుంచి చేతులు మారుతూ దూరాన ఉన్న సర్వరుకు చేరుతుంది. పాత హెచ్.టి.టి.పి. పద్ధతిలో ఇది పోస్టుకార్డు వంటిది. దారిలో ఉన్నవాళ్ళెవరైనా చదవచ్చు. హెచ్.టి.టి.పి.ఎస్. అయితే కార్డును కవరులో పెట్టి అంటించినట్టు. లోపలి సంగతి గణితం సాయంతో గుర్తుపట్టరాని అక్షరాలుగా మారిపోతుంది.

ఐతే కవరు మీద చిరునామా కనపడక తప్పదు గదా! ఏ సైటుకు వెళ్ళామో దారిలోని వాళ్ళకు సాధారణంగా తెలుస్తూనే ఉంటుంది. ఒక విద్యార్థి అర్ధరాత్రి మానసిక వ్యాధుల సైటు తెరిచాడనుకోండి. లోపల ఏం చదివాడో తెలియనక్కరలేదు, సైటు పేరే సగం కథ చెప్పేస్తుంది.

సైట్లను అడ్డుకునేది కూడా ఈ చిరునామా చూసే. సైటు పేరును అంకెలుగా మార్చే డి.ఎన్.ఎస్. చేత తప్పు జవాబు ఇప్పిస్తారు, లేదా పేరు కనపడగానే సంబంధం తెంచేస్తారు. మన దేశంలో ఐ.టి. చట్టం 69-ఎ సెక్షను ప్రభుత్వానికి ఈ అధికారం ఇచ్చింది. 2009 నాటి నియమాల ప్రకారం ఆ ఫిర్యాదులను, చర్యలను గోప్యంగా ఉంచాలి. కాబట్టి ఒక పేజీ ఎందుకు తెరుచుకోలేదో చదువరికి తెలిసే వీలు తక్కువ.

మధ్యవర్తి మీద నమ్మకం

దీనికి చాలామంది వాడే మందు వి.పి.ఎన్. మన కవరును మరో పెద్ద కవరులో పెట్టి ఒక మధ్యవర్తికి పంపుతాం. అతను పైకవరు చించి లోపలిదాన్ని చేరవలసిన చోటికి పంపుతాడు. మన కనెక్షను కంపెనీకి మధ్యవర్తి చిరునామా ఒక్కటే కనపడుతుంది. బాగానే ఉంది. కాని మనం ఎవరమో, ఎక్కడికి వెళ్తున్నామో రెండూ ఇప్పుడు ఆ మధ్యవర్తికి తెలుసు! నమ్మకం ఒకరి చేతినుంచి మరొకరి చేతికి మారిందే గాని, నమ్మవలసిన అవసరం పోలేదు. ఊరికే ఇచ్చే వి.పి.ఎన్. అయితే దాన్ని నడిపేవాడికి డబ్బు ఎక్కడినుంచి వస్తున్నదని ఒకసారి అడగాలి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వి.పి.ఎన్. కంపెనీలు వాడకందార్ల పేర్లు, చిరునామాలు వంటి వివరాలు 5 ఏళ్ళు భద్రపరచాలి. దానికి ఒప్పుకోక కొన్ని విదేశీ కంపెనీలు తమ సర్వర్లను మన దేశం నుంచి తీసేశాయి.

ఉల్లిగడ్డ పద్ధతి

ఒక్కరినే నమ్మకుండా నమ్మకాన్ని ముగ్గురికి పంచితే? 1990ల నడిమిలో అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో పాల్ సైవర్సన్, మైకేల్ రీడ్, డేవిడ్ గోల్డ్‌ష్లాగ్ అనే ముగ్గురు చేసిన ఆలోచన ఇదే. దాని ఆధారంగానే 2002లో ‘టార్’ మొదలైంది. 2006లో దాన్ని నడపడానికి లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడింది.

ఉల్లి పండించే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక ఈ పేరు నాకు ఇట్టే అర్థమైంది. టార్ బ్రౌజరు మన కోరికకు మూడు పొరలు చుట్టి మూడు మజిలీల గుండా పంపుతుంది. ఒక్కో మజిలీకి ఒక్క పొర వలిచే తాళమే ఉంటుంది. మొదటి మజిలీకి మనం ఎవరమో తెలుసు, ఎక్కడికి పోతున్నామో తెలియదు. మూడవదానికి ఎక్కడికో తెలుసు, ఎవరమో తెలియదు. నడిమిదానికి రెండూ తెలియవు. ఈ మజిలీలు దేశదేశాల్లో స్వచ్ఛందంగా నడిపేవాళ్ళవి, వేల సంఖ్యలో ఉన్నాయి. చుట్టుతిరిగి పోవాలి కాబట్టి వేగం తగ్గుతుంది.

టార్‌నే అడ్డుకునే దేశాలున్నాయి. రష్యా 2021 డిసెంబరులో టార్ వెబ్‌సైటును నిలిపివేసింది. అందుకని పట్టికల్లో ప్రకటించని ‘బ్రిడ్జి’లనే మొదటి మజిలీలను పెట్టారు. ‘స్నోఫ్లేక్’ అనే పద్ధతిలో మామూలు మనుషులు తమ బ్రౌజరునే కాసేపు మజిలీగా అరువిస్తారు.

గుంపులోనే రక్షణ

నౌకాదళం తన రహస్య సాధనాన్ని లోకానికి ఎందుకు ఇచ్చినట్టు? నావికులు మాత్రమే వాడితే, దాన్ని వాడుతూ కనపడిన ప్రతివాడూ నావికుడేనని తేలిపోతుంది! తిరునాళ్ళలో మనిషి జాడ తెలియకుండా ఉండేది చుట్టూ జనం ఉన్నందుకే. ఖాళీ వీధిలో దుప్పటి కప్పుకొని నడిచేవాణ్ణి అందరూ చూస్తారు. విలేఖరి, రోగి, భర్త చేతిలో దెబ్బలు తింటూ సాయం వెతికే ఇల్లాలు — వీళ్ళకు నిజంగా చాటు అవసరం. దాచుకోవలసింది ఏమీ లేని మనలాంటివాళ్ళు కూడా ఈ సాధనాలు వాడితేనే వాళ్ళకు ఆ చాటు దొరుకుతుంది. మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. మోసగాళ్ళు కూడా ఈ చాటు వాడుకుంటారన్నది నిజమే. కాని మోసగాడికి వేరే దారులున్నాయి, ఆ ఇల్లాలికి లేవు.

పనిచేయని చోట్లు

టార్‌లోకి వెళ్ళి మన పేరుతోనే లాగిన్ అయితే ఎన్ని పొరలున్నా వృథా. దారి రెండు కొసల్నీ ఒకేసారి గమనించగలవాడు వేళల్ని పోల్చి మనల్ని పసిగట్టవచ్చు. ఎవడో ఫోను చేసి అడిగితే ఓ.టి.పి. చెప్పేవాణ్ణి ఏ గణితమూ కాపాడలేదు.

అన్నిటికన్నా పెద్దది, తీగే తెగిపోవడం. 2019 ఆగస్టులో కాశ్మీరులో ఇంటర్నెట్టు మొత్తం ఆపేశారు. దరఖాస్తులు నింపడానికి అక్కడి విద్యార్థులు కిక్కిరిసిన రైల్లో కొండ దాటి బనిహాల్ పోయి, నెట్ సెంటర్ల ముందు వరుసలో నిలబడ్డారు. 4జి తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. అటువంటి చోట సాధనం కాదు, చట్టమే ఆదుకోవాలి. ఇంటర్నెట్టును నిరవధికంగా ఆపరాదని, ఉత్తర్వులు ప్రకటించాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది. అంతకుముందే 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు.

మిత్రులారా! ఏడాదికొకసారి, కొత్త విద్యార్థులు చేరగానే, కంప్యూటరు ల్యాబులో ఒక్క గంట ఈ పాఠానికి కేటాయించమని మన యూనియను అడగాలని నా కోరిక. కవరుకూ కార్డుకూ తేడా చూపాలి, టార్ బ్రౌజరును దాని సొంత సైటు నుంచే ఎలా తెచ్చుకోవాలో చెప్పాలి. ఖర్చేమీ లేదు. మనలో ఎవరికి ఎప్పుడు ఆ చాటు అవసరం పడుతుందో ముందుగా తెలియదు గదా!