పేచీ అంతా పిక్క దగ్గరే

మోకాలి కింద నుంచి మడమ దాకా మన కాలు ఎక్కడా ఒకే చుట్టుకొలతతో ఉండదు. పిక్క దగ్గర లావెక్కుతుంది, చీలమండకి వచ్చేసరికి సన్నబడుతుంది, మడమ దగ్గర అడ్డంగా మలుపు తిరుగుతుంది. చేత్తో మేజోళ్లు అల్లడం నేర్చుకునేవాళ్లకి ఈ సంగతి మొదటి జతలోనే తెలిసొస్తుంది. స్కాట్లాండ్‌లో కిల్ట్ అనే పావడా వేసుకున్నప్పుడు మోకాలి దాకా తొడిగే కిల్ట్ హోజ్ మొదలుపెడితే మరీను. మోకాలి కింద మడిచే పట్టీని ముందు అల్లుకోవాలి. ఆ తర్వాత అల్లికను లోపలిది బయటికి తిప్పి కాలు భాగం మొదలుపెట్టాలి, మడిచినప్పుడు పట్టీ మీది నమూనా పైకి కనబడాలి కదా! అక్కణ్ణుంచి పిక్క మీదుగా దిగుతూ కొన్ని వరసలకోసారి రెండేసి ఉచ్చులు తగ్గించాలి. ఈ సరదా నాకు అబ్బాకే, మేజోళ్లు అల్లే యంత్రాన్ని కనిపెట్టిన విలియం లీ ఎంత పెద్ద పని చేశాడో అర్థమైంది.

చేతి అల్లికలో ఒక సూది మీద ఉచ్చులు వరసగా ఉంటాయి. ఒక్కో ఉచ్చులోంచి దారం లాగితే కొత్త ఉచ్చు పుడుతుంది, పాతది సూది దిగిపోతుంది. మేజోడు చుట్టుకొలతకి 64 ఉచ్చులుంటే, ఒక్క చుట్టు పూర్తయ్యేసరికి ఆ పని 64 సార్లు చేయాలి. చెయ్యి ఎంత తిరిగినా ఒకసారికి ఒక్క ఉచ్చే.

1589లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌షైర్‌లో, కాల్వర్టన్ గ్రామానికి చెందిన లీ ఈ లెక్కను తిరగేశాడు. ఉచ్చులన్నిటినీ ఒకే సూది మీద మోయించడం మాని, ఒక్కో ఉచ్చుకి ఒక్కో సూది ఇచ్చాడు. సూది కొసను సన్నగా సాగదీసి గడ్డంలా వెనక్కి వంచాడు. దారాన్ని సూదులన్నిటి మీదుగా అడ్డంగా పరుస్తారు. పల్చటి లోహపు రేకులు సూదుల మధ్యకి దిగి దాన్ని అలలుగా వంచుతాయి. ఆ అలలు గడ్డాల కిందికి జరుగుతాయి. అప్పుడు ఒక పట్టీ గడ్డాలన్నిటినీ ఒకేసారి నొక్కి మూస్తుంది, పాత ఉచ్చులు వాటి మీదుగా జారిపోతాయి. అంతే, ఒక వరస పూర్తి. వేళ్లు చేసే కదలికను అనుకరించకుండా, ఆ కదలికతో జరిగే పనిని మాత్రం పట్టుకున్నాడు లీ. చాలా యంత్రాలకి ఈ తెలివి రావడానికి ఇంకో రెండు వందల ఏళ్లు పట్టింది.

మన నరసాపురం చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్లు అల్లే క్రోషే లేసుతో పోల్చి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. క్రోషేలో ఏ క్షణాన చూసినా కొక్కెం మీద దాదాపు ఒక్క ఉచ్చే ఉంటుంది. తర్వాతి పోటు అల్లికలో ఎక్కడైనా పడొచ్చు. వరసగా సూదులకి తగిలించడానికి అక్కడేమీ లేదు. అందుకే అచ్చంగా క్రోషేనే అల్లే యంత్రం పరిశ్రమలోకి ఇప్పటికీ రాలేదు.

లీకి మాత్రం సొంత దేశంలో ఆదరణ దొరకలేదు. చేతి అల్లికతో బతికేవాళ్ల పొట్ట కొడుతుందన్న భయంతో ఎలిజబెత్ రాణి పేటెంట్ నిరాకరించిందంటారు. అతను ఫ్రాన్స్ వెళ్లాడు. అక్కడ అండగా నిలిచిన నాలుగో హెన్రీ రాజు 1610లో హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే లీ అక్కడే చనిపోయాడు. తమ్ముడు జేమ్స్ యంత్రాలను వెనక్కి తీసుకొచ్చాకే ఇంగ్లండ్‌లో ఈ పరిశ్రమ వేళ్లూనింది.

లీ యంత్రం అల్లేది గొట్టం కాదు, బల్లపరుపు బట్ట. దాన్ని వెనకవైపు కుట్టుకోవాలి. ఇది లోపంలా కనిపిస్తుంది కానీ, పిక్క వంపు తేవడానికి ఇదే వాటంగా ఉండేది. అంచున ఉన్న ఉచ్చును పక్క సూది మీదికి జరిపితే బట్ట సన్నబడుతుంది. పనివాడు ఇలా అంచుల్ని కుదిస్తూ పిక్క నుంచి చీలమండ దాకా ఆకారం తెచ్చేవాడు. నైపుణ్యం, కూలి, పరువు అన్నీ ఆ కుదింపులోనే ఉండేవి.

19వ శతాబ్దం మొదట్లో కొందరు యజమానులు దీనికి అడ్డదారి పట్టారు. వెడల్పాటి యంత్రాల మీద బట్ట తీసి, కాలి ఆకారంలో కత్తిరించి, కుట్టి అమ్మారు. కత్తెర పడ్డచోట ఉచ్చు తెగుతుంది, తెగిన ఉచ్చు పక్కదాన్ని లాగుతుంది, మేజోడు ఊడిపోతుంది. చెడ్డ పేరు మాత్రం వృత్తి మొత్తానికి వచ్చింది. పని లేని వారాల్లో కూడా యంత్రానికి అద్దె కట్టే కార్మికుల కూలి తగ్గింది. 1811లో నాటింగ్‌హామ్‌షైర్‌లో యంత్రాలు పగలగొట్టడం మొదలైంది. అలా పగలగొట్టినవాళ్లే లడ్డైట్లు. వాళ్లు యంత్రమంటే గిట్టనివాళ్లని ఈరోజుకీ తేలిగ్గా అనేస్తారు, అది అన్యాయం. ఆ యంత్రాల మీదే తరతరాలుగా బతికినవాళ్లు వాళ్లు. తక్కువ కూలి ఇచ్చేవాళ్లవీ, నాసి సరుకు తీసేవాళ్లవీ ఏరి మరీ పగలగొట్టారు. ప్రభుత్వం ఈ నేరానికి మరణశిక్ష పెట్టబోతే, కవి లార్డ్ బైరన్ 1812 ఫిబ్రవరి 27న ప్రభువుల సభలో తన తొలి ప్రసంగాన్ని వాళ్ల పక్షానే చేశాడు. చట్టం ఆగలేదు.

ఆ తర్వాత మార్పులు చకచకా వచ్చాయి. మార్క్ బ్రూనెల్ 1816లో సూదుల్ని వలయంగా అమర్చి అతుకు లేని గొట్టం తీశాడు. లెస్టర్‌కి చెందిన మాథ్యూ టౌన్సెండ్ 1849లో పేటెంట్ పొందిన సూదికి చిన్న నాలుక ఉంటుంది. ఉచ్చు జరుగుతుంటేనే అది తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. దాంతో నొక్కే పట్టీ అక్కర్లేకపోయింది. ఈ రెండూ కలిసి, ఇంట్లో బల్లకి బిగించి చేత్తో తిప్పే మేజోళ్ల మెషిన్ పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులకోసం ఎన్నో ఇళ్లలో ఇవి తిరిగాయి. ఇప్పుడు అభిరుచిగలవాళ్లు పాతవి బాగుచేసుకుని వాడుతున్నారు. మడమ కోసం సగం సూదుల్ని పైకి లేపి ఆపేస్తారు. మిగిలిన సగం మీద పిడిని ముందుకీ వెనక్కీ తిప్పుతూ, వరసకి ఒక్కో సూదిని ఆపి, మళ్లీ ఒక్కొక్కటే దించుతారు. బరువులు కిందికి లాగుతుండగా మడమ జేబులా ఉబ్బుతుంది. ఎంత చూసినా తనివి తీరని పని అది.

పిక్క మాత్రం ఆ మెషిన్‌కి లొంగలేదు. వలయంలో సూదులు ఎన్ని ఉంటే అన్ని ఉచ్చులే చివరిదాకా. కిల్ట్ హోజ్ తీయాలంటే పిక్క దగ్గర ఉచ్చులు వదులుగా పెట్టి, కిందికి దిగేకొద్దీ బిగించుకుంటూ రావాలి. ఆకారం కొంతవరకే వస్తుంది. కుదింపును తిరిగి యంత్రంలోకి తెచ్చింది విలియం కాటన్. అతని 1864 పేటెంట్ యంత్రం అంచు ఉచ్చుల్ని తనంతట తానే లోపలికి జరిపింది, అదీ ఒకేసారి అనేక మేజోళ్ల మీద.

నేను సూదుల మీదే అల్లుతాను. పిక్క వెనక నడిమి గీతకి అటొకటి ఇటొకటి తగ్గిస్తూ దిగితే జంట గుర్తులు పడతాయి. కాటన్ యంత్రపు మేజోళ్లలో వెనక కుట్టు పక్కన ఉండేవి కూడా ఇవే. వీటికి ఎంత విలువ ఉండేదంటే, గుండ్రటి యంత్రాల మీద చౌకగా తీసిన మేజోళ్లకి ఉత్తుత్తి కుట్టు, ఉత్తుత్తి గుర్తులు వేసి అమ్మిన రోజులున్నాయి. అసలుదైతే గుర్తు పడ్డచోట ఉచ్చుల నిలువు వరస నిజంగానే ఒకటి తగ్గుతుంది. భూతద్దం పెట్టి లెక్కపెడితే తెలిసిపోతుంది.