చేతిలో ఉద్యోగ రేఖ ఉందా?

బీబీపేట నుంచి కామారెడ్డి కోచింగ్‌కి తిరిగి తిరిగి విసిగితే, ఎవరికైనా చెయ్యి చూపించాలనిపిస్తుంది. మీరే నేర్చుకోవచ్చు, కష్టమేం కాదు. హస్త సాముద్రికంలో చూపుడు వేలి కింద గురుడు, మధ్య వేలి కింద శని, ఉంగరపు వేలి కింద రవి, చిటికెన వేలి కింద బుధుడు.

కానీ అరచేతి ముఖ్య గీతలు తల్లి కడుపులో మూడో నెలకే ఏర్పడతాయి. మీరు రాసే గ్రూప్స్ సంగతి వాటికేం తెలుసు?

బీడీలు చుట్టే అమ్మ చెయ్యి చూడండి. ఏళ్ల తరబడి ఆకు రాపిడికి ముద్రలు అరిగి, ఆధార్ మిషన్ ఒక్కోసారి వేలు పట్టదు. ఆ చెయ్యి చెప్పేది జాతకం కాదు, చేసిన పని.

చేతులు చదవడమే ఇష్టమా? 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ఆ చదువు నేటికీ పోలీసు శాఖలో కొలువు. ఫోరెన్సిక్ సైన్స్ కోర్సులు చూడండి.