సరిహద్దులు మళ్ళించిన చమురు దారి

కాస్పియన్‌ను సముద్రమని పిలుస్తున్నాము గాని, నిజానికి అది నలువైపులా భూమి ఆవరించిన జలాశయం. దాని గర్భం నుండి తీసిన చమురును మహాసముద్రాల మీదికి చేర్చాలంటే ఏదో ఒక పొరుగు దేశాన్ని దాటక తప్పదు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై అజర్‌బైజాన్ స్వతంత్ర దేశమైన నాటి నుండి, ఆ పొరుగు దేశం ఏది కావాలన్నది పలు రాజధానుల మధ్య ఏళ్ళ తరబడి నలిగిన వివాదం. 1994లో పాశ్చాత్య కంపెనీలతో అజర్‌బైజాన్ భారీ చమురు ఒప్పందం కుదుర్చుకోవడంతో అది మరింత ముదిరింది.

పటం తెరచి చూస్తే, బాకూ నగరం నుండి టర్కీకి దగ్గరి దారి ఆర్మేనియా మీదుగా పోతుంది. అయితే నగొర్నో-కరబఖ్ కోసం అజర్‌బైజాన్, ఆర్మేనియాలు యుద్ధం చేశాయి. 1994లో కాల్పులు ఆగాయే గాని సంధి కుదరలేదు. అజర్‌బైజాన్ పక్షం వహించిన టర్కీ 1993లోనే ఆర్మేనియా సరిహద్దును మూసివేసింది. దక్షిణాన ఉన్న ఇరాన్ మీదుగా గొట్టం వేయడానికి అమెరికా ససేమిరా అన్నది. ఉత్తరాన రష్యా రేవు నొవొరొస్సీస్క్‌కు మార్గమున్నా, తాళం మాస్కో చేతిలో ఉంటుందన్న జంకు. ఊరి బాట చెక్‌పోస్టును బట్టి మెలిక తిరగడం సరిహద్దు గ్రామాల వారికి కొత్త కాదు. ఇక్కడ మెలిక తిరగవలసి వచ్చినది ఒక దేశం చుట్టూ!

నల్లసముద్రపు రేవు చేరినంత మాత్రాన చిక్కు విడిపోదు. అక్కడి నుండి మధ్యధరా సముద్రానికి పోయే ట్యాంకర్ నౌక ఇస్తాంబుల్ నగరాన్ని రెండుగా చీల్చే బోస్ఫరస్ జలసంధిలో దూరవలసిందే. దాని పొడవు దాదాపు 31 కిలోమీటర్లు. మిక్కిలి ఇరుకైన చోట వెడల్పు సుమారు 700 మీటర్లు. నౌక పన్నెండు సార్లు దిశ మార్చుకోవాలి. ఇరు గట్లపైన లక్షలాది జనుల ఇళ్ళు. 1979 నవంబరులో రొమేనియా ట్యాంకర్ 'ఇండిపెండెంటా' ఆ జలసంధి దక్షిణ ముఖద్వారం వద్ద గ్రీకు నౌకతో ఢీకొని పేలిపోయింది. నలభై మందికి పైగా నావికులు మరణించారు. మంటలు వారాల తరబడి ఆరలేదు. 1994 మార్చిలో 'నాసియా' అనే ట్యాంకర్ జలసంధిలోనే మరొక నౌకను ఢీకొని కాలిపోయింది.

మరి టర్కీ ట్యాంకర్లను ఆపివేయవచ్చును గదా అంటే, వీలులేదు. 1936 నాటి మాంట్రో ఒప్పందం ప్రకారం శాంతికాలంలో ఏ దేశపు వాణిజ్య నౌక అయినా, ఏ సరకుతోనైనా స్వేచ్ఛగా పోవచ్చు. దారి తెలిసిన పైలట్‌ను ఎక్కించుకోవడం సైతం ఐచ్ఛికమే. 1994 జులైలో టర్కీ భద్రతా నియమాలు తెచ్చినప్పుడు, ఇది ఒప్పందానికి విరుద్ధమని రష్యా అంతర్జాతీయ వేదికలపై అభ్యంతరం తెలిపింది. ఇస్తాంబుల్ వాసుల భయం నిజమైనదే. అయితే గొట్టం తన నేల మీదుగా వస్తే రుసుమూ, పలుకుబడీ దక్కుతాయన్న లెక్క టర్కీకి లేదనుకోవడం అమాయకత్వం.

చివరకు 1999 నవంబరులో ఇస్తాంబుల్‌లో ఒప్పందం కుదిరింది. బాకూ నుండి జార్జియాలోని తిబిలిసీ మీదుగా టర్కీ మధ్యధరా రేవు జైహాన్‌కు గొట్టం. మొత్తం 1,768 కిలోమీటర్లు. అందులో 1,076 టర్కీలోనివే. 2006 జూన్‌లో జైహాన్‌లో తొలి నౌక నిండింది. ఆర్మేనియానూ, రష్యానూ, ఇరాన్‌నూ, బోస్ఫరస్‌నూ కూడా తప్పించిన మార్గమిది.

దారి పొడవునా రైతుల భూములున్నాయి. గొట్టం పాతిన పిదప పైన పైరు వేసుకోవచ్చు గాని ఇల్లు కట్టరాదు, చెట్లు నాటరాదు. పరిహారం చాలలేదన్న ఫిర్యాదులు వచ్చాయి. ఊటనీటికి పేరొందిన బోర్జోమీ ప్రాంతంలో చమురు కారితే ఏమి గతి అన్న ఆందోళనతో 2004లో జార్జియా ప్రభుత్వం కొద్ది రోజులు పనులు నిలిపివేసింది. 2008 ఆగస్టులో టర్కీ భాగంలో పేలుడు జరిగి గొట్టం ఆగిపోయింది. కొద్ది రోజులకే జార్జియాలో రష్యాతో యుద్ధం మొదలైనది. తప్పించుకున్నామనుకున్న తగవు ఆ దారికే ఎదురు వచ్చింది.

మన ప్రభుత్వ రంగ సంస్థ ఓఎన్‌జీసీ విదేశ్ 2013లో ఈ గొట్టంలో 2.36 శాతం వాటా కొన్నది. 2024లో మరికొంత చేర్చుకున్నది.

ఇంతా చేసి బోస్ఫరస్‌లో ట్యాంకర్లు తగ్గిపోలేదు. కజఖ్‌స్థాన్ చమురులో అధిక భాగం 2001 నుండి మరొక గొట్టం ద్వారా నొవొరొస్సీస్క్ సమీపానికే వచ్చి, అక్కడ నౌకలకెక్కుతున్నది. 2022 డిసెంబరులో పాశ్చాత్య దేశాలు రష్యా చమురుకు ధర పరిమితి విధించగా, ప్రమాదం జరిగితే నష్టం ఎవరు భరిస్తారని టర్కీ బీమా పత్రాలు అడిగింది. జలసంధి దగ్గర ట్యాంకర్లు రోజుల తరబడి బారులు తీరాయి. వాటిలో అనేకం మోస్తున్నది రష్యా చమురు కానే కాదు; ఏ ఆంక్షకూ లోబడని కజఖ్‌స్థాన్ చమురు.