బేస్‌బాల్‌లో లైవ్ బాల్, ఎర్రర్, బేస్ ప్రదానం: నియమాల పరిశీలన

1. ఉపోద్ఘాతం

బేస్‌బాల్‌ను కొత్తగా చూసేవారికి మూడు అంశాలు ఒకటిగానే తోస్తాయి. అవి: బంతి ఆటలో ఉండడం, ఫీల్డర్ పొరపాటు, అంపైర్ రన్నర్‌కు బేస్ ఇవ్వడం. నిజానికి వీటిని నిర్ణయించే నియమాలు వేరు, నిర్ణయించే వ్యక్తులూ వేరు. 2013 వరల్డ్ సిరీస్ మూడవ మ్యాచ్ ముగింపు ఆధారంగా ఆ భేదాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. సన్నివేశం

2013 అక్టోబరు 26న సెయింట్ లూయిస్ కార్డినల్స్, బోస్టన్ రెడ్ సాక్స్ జట్లు తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో 4-4తో సమానంగా నిలిచాయి. కార్డినల్స్ రన్నర్లు రెండవ, మూడవ బేస్‌లపై ఉన్నారు. జాన్ జే కొట్టిన బంతిని పెడ్రోయా ఆపి హోమ్‌కు విసరగా, మూడవ బేస్ నుంచి వచ్చిన మొలీనా అవుటయ్యాడు. వెంటనే క్యాచర్ సాల్టలమాకియా, మూడవ బేస్‌కు పరుగెత్తుతున్న ఆలెన్ క్రెయిగ్‌ను అవుట్ చేయబోయి బంతిని విసిరాడు. అది చేజారి లెఫ్ట్ ఫీల్డ్‌లోకి పోయింది. దానికోసం దూకి నేలపై పడి ఉన్న మిడిల్‌బ్రూక్స్‌కు తట్టుకుని క్రెయిగ్ తూలిపోయాడు. తేరుకుని హోమ్‌కు పరుగెత్తినా బంతి ముందే చేరింది. క్యాచర్ అతణ్ణి ట్యాగ్ చేశాడు. అయినా అంపైర్లు పరుగు ఇచ్చారు. కార్డినల్స్ 5-4తో గెలిచింది.

3. విశ్లేషణ

3.1 లైవ్ బాల్: గురితప్పిన బంతి మైదానంలోనే ఉన్నంతవరకు ఆట ఆగదు, రన్నర్ ఎంత దూరమైనా పరుగెత్తవచ్చు, అవుటయ్యే ప్రమాదమూ అతనిదే. ఆ బంతి ప్రేక్షకుల మధ్యకో డగౌట్‌లోకో పోయి ఉంటే డెడ్ బాల్ అయ్యేది. అది ఆ ఆటలో మొదటి విసురు కాదు కనుక, విసిరిన క్షణంలోని స్థానం నుంచి రెండు బేస్‌లు లభించేవి. అంటే క్రెయిగ్‌కు హోమ్ దక్కేది. కాని బంతి మైదానం దాటలేదు.

3.2 ఎర్రర్: క్యాచర్ విసురు ఎర్రర్‌గా నమోదైంది. ఇది అధికారిక స్కోరర్ నిర్ణయం. ఆటగాళ్ల గణాంకాలకే ఇది ప్రమాణం. దీనివల్ల ఏ రన్నర్‌కూ బేస్ రాదు, పోదు.

3.3 బేస్ ప్రదానం: పరుగుకు ఆధారం అబ్‌స్ట్రక్షన్ నియమం. చేతిలో బంతి లేని ఫీల్డర్, బంతిని అందుకునే ప్రయత్నం ముగిసిన తరువాత రన్నర్‌కు అడ్డుపడితే అది వర్తిస్తుంది. ఉద్దేశపూర్వకమా కాదా అన్న విచారణ లేదు. ఆ క్షణంలో రన్నర్‌ను అవుట్ చేసే ప్రయత్నం జరగకపోతే ఆట చివరిదాకా సాగుతుంది. పిమ్మట అడ్డంకి లేకుంటే అతడు చేరగలిగి ఉండే బేస్‌ను అంపైర్ ఇస్తాడు. మూడవ బేస్ అంపైర్ జిమ్ జాయిస్ అడ్డంకిని అప్పటికప్పుడే సూచించగా, హోమ్ వద్ద డానా డిముత్ క్రెయిగ్‌ను సేఫ్‌గా ప్రకటించాడు.

4. ముగింపు

చివరకు ఆ సిరీస్‌ను 4-2తో రెడ్ సాక్స్ గెలుచుకున్నా, నియమాల అధ్యయనానికి ఈ సన్నివేశం విలువైనది. మొదట చూడవలసింది బంతి ఆటలో ఉందా అన్నది; తరువాత బేస్ ఇచ్చే నియమం ఏదైనా వర్తిస్తుందా అన్నది. ఎర్రర్ తప్పు ఎవరిదో నమోదు చేస్తుంది. బేస్ ప్రదానం రన్నర్‌కు కలిగిన నష్టాన్ని పూరిస్తుంది. మొదటిది చరిత్రకు, రెండవది న్యాయానికి సంబంధించినది.