చెమట బాకీ

ఉప్పునుంతల పేరులోనే ఉప్పున్నది. పాలమూరు సీమలోని ఆ ఊరి చేలలో, మండు వేసవిలో, కష్టజీవి మేనినుండి నీటితో కూడ జారిపోవునదియు ఉప్పే.

ఎండవేళ శ్రమించువానికి గంటకు లీటరు చెమట పోవచ్చును. వట్టి నీళ్ళు దప్పిక తీర్చునే గాని ఆ బాకీ తీర్చవు. ఉప్పు వేసిన జొన్న అంబలి రెంటిని తీర్చును. జొన్నపిండి జీర్ణమై చక్కెరగా మారి, ఉప్పుతో జతగూడి చిన్నప్రేవుల గోడ దాటును. వాని వెంట నీరును దాటును. ఈ జోడింపును 1960లో రాబర్టు క్రేన్ అను శాస్త్రజ్ఞుడు వివరించెను. మన అవ్వలు దానిని కుండలోనే కలిపి ఉంచిరి.

రాత్రి రొట్టెతో పప్పు, ఆపై నిద్ర లేనిదే అలసిన కండ కోలుకొనదు.

2005 నాటి ఉపాధి హామీ చట్టము పనిచోట మంచినీరు, విశ్రాంతి ఉండవలెనన్నది. ఆ నీటికడవ ప్రక్కన అంబలి కుండకును చోటుండవలెను. కూలి డబ్బు చెమటకు వెల యగును గాని, పోయిన ఉప్పును తిరిగి తేజాలదు.