అమ్మ మాట ఏ గడిలో రాశాం?

మా చెల్లెలి కూతురు బెంగళూరులో విలేఖరి. "ఏ పేపరమ్మా?" అంటే పేపరు కాదు మామా అంటుంది. "మరి టీవీలో ఎప్పుడు కనబడతావు?" అంటే అదీ కాదంటుంది. చేరి రెండేళ్ళయినా అది ఏం ఉద్యోగమో బంధువుల్లో ఎవరికీ అంతుపట్టలేదు. "అన్నా, దానికి లెక్కలు బాగా వస్తాయి, బ్యాంకు పరీక్ష రాయమని నువ్వైనా చెప్పు" అని మా చెల్లెలు పండగకు వచ్చినప్పుడల్లా నన్ను పోరుతూ ఉంటుంది.

సంక్రాంతి దాటాక ఆ పిల్ల చిన్న రికార్డరు, కెమెరా, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని హోసూరులో మా ఇంటికి దిగింది. హోసూరు, కృష్ణగిరి వైపు ఇళ్ళల్లో మాట్లాడుకునే భాషల మీద కథనం తయారుచేయాలట. మూడు రోజులుంది. చెప్పవలసిన మాట చెప్పేద్దామని నేనూ సెలవు పెట్టి వెంట తిరిగాను. తీరా ఆమె అడిగిన ఒక ప్రశ్నకు నేనే నీళ్ళు నమలవలసి వచ్చింది.

ముందు ఆ పని సంగతి. ప్రభుత్వం ప్రచురించే పట్టికలను తీసుకుని, కూడి, భాగించి, అందులో దాగిన విషయాన్ని పటంగానో బొమ్మగానో చూపడాన్ని డేటా జర్నలిజం అంటారు. హైదరాబాదులో రాకేశ్ దుబ్బుడు స్థాపించిన ఫ్యాక్ట్‌లీ చేసేది ఇలాంటి పనే. ఆ అంకెలకు మనుషుల గొంతులు, ఫోటోలు, వీడియోలు, రాత అన్నీ జతచేసి ఒకే కథగా అల్లితే అది మల్టీమీడియా. పాలగుమ్మి సాయినాథ్ గారు 2014 డిసెంబరులో ప్రారంభించిన 'పరి', అంటే పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా, ఇందుకు పేరుపొందింది. సాయినాథ్ గారు మద్రాసులో పుట్టిన తెలుగువారు, వి.వి. గిరి గారి మనవడు, 2007లో మెగసెసే పురస్కారం అందుకున్నారు. పరి కథనాలు తెలుగులోనూ చదువుకోవచ్చు.

లెక్కలు మన బారామహల్ సీమకు కొత్తేమీ కాదు లెండి. 1792లో ఈ ప్రాంతం టిప్పు సుల్తాను చేతి నుంచి కుంపిణీకి వచ్చినప్పుడు కెప్టెన్ రీడ్, ఆయన కింద థామస్ మన్రో ఇక్కడి పొలాలన్నీ కొలిపించి పద్దులు కట్టారు. మన్రో ఏడేళ్ళు ఆ పనిలోనే గడిపాడు. అయితే వాళ్ళు లెక్కపెట్టింది శిస్తు కోసం.

మొదటి రోజు రాత్రి మా పిల్ల నాకు పరిలోని ఒక కథనం చూపించింది. కృష్ణగిరి జిల్లాలో రాగి పండించే రైతులు, ఆ పంట మీద పడే ఏనుగుల గురించి అపర్ణా కార్తికేయన్ రాసినది. ఫోటోలు పళని కుమార్ అనే యువకుడివి. అందులోని రైతు ఉండేది తమిళనాడులో, మాట్లాడేది కన్నడం, చదివేది తెలుగు. మనకు ఇందులో వింత లేదు, మన వీధిలో ఇలాంటివాళ్ళు పదిమంది ఉంటారు. "కానీ జనాభా లెక్కల్లో మాతృభాషకు ఒక్కటే గడి మామా, ఈయన్ని ఏ గడిలో వేస్తావు?" అంది.

తరువాత సీ-16 అనే పట్టిక తెరిచింది. 2011 జనాభా లెక్కల్లో మాతృభాషల వివరాలు అందులో తాలూకా వరకూ ఉంటాయి. లెక్క తీసింది 2011లో, భాషల పట్టిక బయటికి వచ్చింది 2018లో. (మా బ్యాంకులో నెలాఖరు స్టేట్‌మెంటు రెండు రోజులు ఆలస్యమైతే సంజాయిషీ రాయాలి!) తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 42,34,302 మంది. 2001లో సుమారు 35 లక్షలు. అంటే పదేళ్ళలో 20 శాతం పెరిగాం. రాష్ట్ర జనాభా పెరిగింది 15.6 శాతమే. మన వాటా 5.65 నుంచి 5.87 శాతానికి వచ్చింది. సంఘం సమావేశాల్లో "ఇక్కడ తెలుగు అంతరించిపోతోంది" అని నేనే ఎన్నోసార్లు ప్రసంగించాను. ఆ అంకె చూసి నోరు మూతపడింది. అదే పట్టికలో దేశం మొత్తానికి చూస్తే తెలుగువారి సంఖ్య 8.11 కోట్లకు పెరిగినా, వాటా 7.19 నుంచి 6.70 శాతానికి తగ్గి, మూడో స్థానం మరాఠీకి ఇచ్చి మనం నాలుగుకు దిగాం. ఏ వరుస పట్టుకుంటే ఆ కథ! "ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో పట్టిక చెప్పదు. అది అడగడానికే ఇళ్ళకు వెళ్ళాలి" అని ఆమె సిద్ధాంతం.

జిల్లాను పటంగా గీసి తెలుగు వాటాను బట్టి రంగులు వేసింది. హోసూరు, డెంకణీకోట వైపు ముదురుగా, ఊత్తంగరై వైపు వెలిసినట్టుగా వచ్చింది. జిల్లా సగటు ఒక్కటే చూస్తే ఈ తేడా కనబడదు. ఇది ముచ్చట కోసం వేసే రంగు కాదు. ఒక జిల్లాలోగాని తాలూకాలోగాని 15 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రభుత్వ నోటీసులు ప్రచురించాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు ఉన్న రక్షణల్లో ఒకటి. బడిలో 40 మందో, తరగతిలో పదిమందో పిల్లలుంటే ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అన్నది మరొకటి. అన్నీ తల లెక్క మీద నిలిచినవే.

మరునాడు రికార్డరు మా అమ్మ ముందు పెట్టింది. అమ్మకు ఎనభై రెండు. అనపకాయలు ఒలుస్తూ కూర్చుంది. గింజలు నానబెట్టి, పొట్టు పితికి, పితికిపప్పు పులుసు ఎలా కాస్తారో గంటసేపు చెప్పింది. పక్కింటి పిల్లవాడు వచ్చి "అవ్వా, అవరెకాయా?" అన్నాడు. వాడికి ఆ కాయ కన్నడంలోనే తెలుసు. ఆ ఒక్క మాటా, గిన్నెలో గింజలు పడే చప్పుడూ వదలకుండా పట్టింది. పూల మార్కెట్లో, బస్‌స్టాండులో కూడా ఇంతే. అయిదు గంటల రికార్డింగు విని విని నాలుగు నిమిషాలకు కోసింది. ప్రతి అంకెనూ మూల పట్టికతో రెండుసార్లు సరిచూసింది. మా ఆడిటర్లు కూడా అంత ఓపికగా టిక్కులు పెట్టరు.

మూడో రోజు అడిగింది: "మామా, 2011లో మీ ఇంట్లో ఎవరు జవాబిచ్చారు?"

నాకు గుర్తులేదు. అప్పుడు నేను కృష్ణగిరి బ్రాంచికి రోజూ వెళ్ళివచ్చేవాణ్ణి. మా ఆవిడ ఆలోచించి, "వంటింట్లో ఉన్నాను. ఆయన తమిళంలో అడుగుతుంటే వీడే గబగబా చెప్పాడు" అంది. వీడంటే మా అబ్బాయి, అప్పుడు అయిదో తరగతి. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరిగా చదివిన మొదటి జట్టు. ఇప్పుడు చెన్నైలో ఉద్యోగం. ఫోను చేశాను. "బాగా గుర్తుంది నాన్నా. ఫస్ట్ లాంగ్వేజ్ తమిళం కదా, అందరికీ అదే చెప్పేశాను."

అందరికీ అంటే అయిదుగురికి. బతికినన్నాళ్ళు కొట్టు పద్దులు తెలుగులో రాసుకున్న మా నాన్నగారితో సహా. వాణ్ణి ఏమనగలను? ఇంటిపెద్దగా ఆ రోజు నేను ఒక్క మాట చెప్పి వెళ్ళింది లేదు, సాయంత్రం వచ్చి అడిగిందీ లేదు. బి.కాం.లో చదువుకున్నాం: పద్దు తప్పు ఖాతాలో పడినా, పడవలసిన వైపే పడితే ట్రయల్ బ్యాలెన్స్ సరిగ్గా తేలుతుంది. తప్పు బయటపడదు. రాష్ట్ర జనాభా 7,21,47,030 అలాగే తేలింది. ఆ 42,34,302లో మాత్రం మేం అయిదుగురం లేం.

జనాభా లెక్కల నిబంధనలో మాతృభాష అంటే బడి భాష కాదు, చిన్నప్పుడు తల్లి మనతో మాట్లాడిన భాష. చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఇంట్లో అందరిదీ ఒకటే కావాలని కూడా లేదు. వచ్చే లెక్కలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఈసారి మా ఇంట్లో జవాబు చెప్పేది అమ్మే అని అనుకున్నాం.

ఆమె వెళ్ళేముందు ఆ నాలుగు నిమిషాలూ అమ్మకు వినిపించింది. అమ్మ శ్రద్ధగా విని, "చింతపండు ఎప్పుడు వేయాలో చెప్పింది తీసేశావే, వినేవాళ్ళు పులుసు ఎట్లా చేస్తారే?" అని కోప్పడింది. పిల్ల మళ్ళీ ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. మధ్యాహ్నం బస్సు తప్పింది. బ్యాంకు పరీక్ష మాట నేను ఎత్తలేదు.